వెనక నుంచి తీసిన ఫొటో

మీరు ఫోన్‌లో ఫొటో దిగాక ముఖం మీద వేలితో ఒకసారి రుద్దుతారు చూడండి, మొటిమలు మాయమై, రంగు తేలి, మీకు మీరే ముద్దొస్తారు. ఆ వేలి పనే నా ఉద్యోగం. కోరుట్లలో ఒక ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని, జుట్టు నెరిసేదాకా అదే చేశాను. పెళ్లికూతురి కళ్ల కింద నలుపు తీసెయ్యడం, వియ్యంకుడి తెల్లచొక్కా మీద పప్పుచారు మరక తుడిచెయ్యడం, బంతి భోజనంలో ఆవలిస్తూ దొరికిపోయిన మేనమామ నోరు మూయించడం. ఊళ్లో నా పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరూ 'టచింగ్ మేడం' అనేవాళ్లు. ఆ పిలుపంటే నాకు లోపల్లోపల చాలా గర్వం.

పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా చుట్టుపక్కల ఆడపిల్లలు వస్తుంటారు. ఒకామె పచ్చళ్లు పెడుతుంది, ఇంకొకామె గాజులకు దారాలు చుడుతుంది. "ఫోన్ల అమ్మాలంటే ఫొటోలు ఎట్ల తియ్యాలె అత్తమ్మా?" అని అడుగుతారు. వాళ్లకు నేను లైట్లు, కెమెరాలు అంటూ పాఠం చెప్పను. సిరిసిల్ల చీర సంగతి ఒకటి చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను. విన్నాక మీ ఇష్టం.

మా స్టూడియోకు ఓనరూ, కెమెరామెనూ ఒక్కడే. నాకన్నా చిన్నవాడైనా నేను 'అన్నా' అనేదాన్ని, జీతం ఇచ్చేవాణ్ని ఇంకేమంటాం! చేతుల్లోకి ఫోన్లు వచ్చాక పుట్టినరోజులు, సీమంతాలు మా దగ్గరికి రావడం మానేశాయి. పెళ్లిళ్లకు కరీంనగర్ నుంచి డ్రోన్లతో దిగేవాళ్లు. ఖాళీగా కూర్చోలేక మా ఓనర్ 'దుకాణాల వస్తువులకు ఫొటోలు తీయబడును' అని బోర్డు కట్టాడు. ఒక స్టీలు సామాన్ల షాపు వచ్చింది, ఒక మిఠాయి దుకాణం వచ్చింది. ఆ వానాకాలంలోనే సిరిసిల్ల నుంచి ఒకామె వచ్చింది.

ముప్పై అయిదు దాటి ఉంటాయి. బస్సులో నలిగిన పాలిస్టర్ చీర, చంకలో బట్టల మూట. మూట విప్పి బల్ల మీద పరిచింది. నూలు చీరలు, గళ్లవి. ఇటుక రంగు మీద ఆకుపచ్చ గళ్లు, పసుపు మీద నీలం గళ్లు. పొలానికి పోయే మా అమ్మ ఒంటి మీద చూసిన గళ్లు, కాకపోతే ఇప్పటి పిల్లలు కూడా కట్టుకునేట్టు పల్చగా, మెత్తగా ఉన్నాయి.

"అక్కా, వీటికి ఫొటోలు తియ్యాలె. జర మంచిగ రావాలె. మల్ల మల్ల వచ్చుడు నాతోని కాదు," అంది.

"ఎవ్వలకు సూపిస్తవు చెల్లే?"

"ఎవ్వలు కొంటే వాళ్లకు. ఫోన్ల పెడ్త."

నీళ్లిచ్చి కూర్చోబెడితే అసలు సంగతి చెప్పింది. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచెలంటారు. వీళ్లకు నాలుగున్నాయి. పెద్ద పెద్ద ఆర్డర్లు వచ్చినన్నాళ్లు నాలుగూ ఆడాయి. అవి ఆగిపోయాక రెండింటికి దుమ్ము పట్టింది. మిగిలిన రెండింటి మీద, పాత డిజైన్లు గుర్తు తెచ్చుకుని, ఈమె ఈ చీరలు నేయించింది. మొగుడికి నమ్మకం లేదు.

"మా ఆయన పాత ఇనుపాయనకు మాట ఇచ్చిండక్కా. నాలుగు సాంచెలు తూకానికి వోసి, బొంబాయి దిక్కు భీవండికి కూలి నేతకు పోదామంటుండు. నేను చిన్నప్పుడు ఆన్నే పెరిగిన. ఆ రూముల బతుకు నాకెర్కనే. నేను పోను. దసరా దాక ఆగుమన్న. దసరా ఎల్లేదాక గీ చీరలకు దారి దొరకకుంటే నేనే ముందుగాల సంచి సదురుకుంట అని ఒట్టేసిన."

"గంత మాట ఎందుకన్నవ్?"

"అనకుంటే అప్పుడే అమ్ముతుండె గద!"

నాకు ఆమె నచ్చింది. ఏడుస్తూ చెప్పి ఉంటే జాలిపడి ఊరుకునేదాన్నేమో. ఆమె తగాదాకు వచ్చినదానిలా కూర్చుంది. నేనూ చీర కొంగు నడుములో దోపాను.

మా ఓనర్‌కు తెలిసింది పెళ్లి ఒక్కటే. చీర అనగానే ప్లాస్టిక్ పూల మండపం తెర దించాడు, ఫైబర్ స్తంభాలు రెండు పక్కల పెట్టాడు, నిలువెత్తు బొమ్మకు చీర చుట్టి మెడలో ముత్యాల దండ వేశాడు. నాలుగు లైట్లు వేసి తీశాడు. ఇక నా వంతు. ముడతలు తీసేశాను. నూలు మీద అక్కడక్కడ పోగు ఉబ్బితే చదును చేశాను. కొంగు మూలన చిన్న పసుపు మరక ఉంది. కొత్త బట్టకు పసుపు పెట్టందే మనవాళ్లు బయటకు తియ్యరు కదా, ఆమె ప్రతి చీరకూ పెట్టింది. దాన్నీ తుడిచేశాను. చివర్లో కొంచెం మెరుపు ఎక్కించాను. అబ్బ, ఏం వచ్చాయండీ! ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఓనర్ కాలర్ ఎగరేశాడు.

వాటిని ఎక్కడ పెట్టాలో చెప్పింది మా చెల్లెలు. అది జగిత్యాలలో క్లాక్ టవర్ దగ్గర జాకెట్లు కుడుతుంది. దాని దగ్గరికి వచ్చే ఆడవాళ్లు కొలతల జాకెట్ తేవడం మానేసి ఫోన్ చూపిస్తారట. బొమ్మలు పోగేసుకునే యాప్ ఒకటుంది, అందులో ముగ్గులు, మెహెందీ, జాకెట్ వీపులు, ఇంటి గుమ్మాలు, ఏది నచ్చితే అది దాచుకోవచ్చు. ఇంకో సంగతి కూడా చెప్పింది.

"అక్కా, ఇప్పుడు ఎవ్వలూ మాటలు రాసి ఎతుకుతలేరు. చీర ఫొటో తీసి పెడితే సాలు, గసొంటి చీరలన్ని ఫోనే ఎతికి పట్కస్తది. గా ఫోను కంటికి మన చీర కనవడాలె."

సరేనని అందులో పెట్టాం, ఫొటోతో వెతికే మిగతా వాటిల్లోనూ పెట్టాం. మొదట్లో ఒకామె ఎవరో కొన్నది కూడా. ఆ తర్వాత చడీచప్పుడు లేదు. వినాయక చవితి వెళ్లిపోయింది.

ఇట్లా కాదని ఒకరోజు నేను సిరిసిల్ల వెళ్లాను. వాళ్ల కార్ఖానాలో రెండు సాంచెలు టకటకా కొట్టుకుంటున్నాయి, రెండు గోనె కప్పుకుని పడి ఉన్నాయి. మొగుడు మంచివాడే. వదినె వచ్చిందని చాయ్ తెప్పించాడు. చీరను నేల మీద పరిచి, నా ఫోన్‌తో ఫొటో తీసి, 'వెతుకు' అని నొక్కాను. మన చీర ఎక్కడో ఒకచోట కనబడాలి కదా. ఫోన్ తిప్పి తిప్పి చూపించిందేమిటో తెలుసా? వంటింటి గచ్చుకు వేసే టైల్స్! ఇటుక రంగు టైల్స్, ఆకుపచ్చ గీతల టైల్స్, అడుగు లెక్కన అమ్మేవాళ్ల నంబర్లు. పోనీ అని మేము పెట్టిన పెళ్లి ఫొటోనే పెట్టి వెతికాం. మండపాల డెకరేషన్ వాళ్లు వరసగా వచ్చారు. ఫోన్ కంటికి పూలు కనిపించాయి, స్తంభాలు కనిపించాయి, చీర మాత్రం కనిపించలేదు.

మొగుడు చాయ్ గ్లాసు కింద పెట్టి పగలబడి నవ్వాడు. "వదినే, ఇగ సెప్పుండ్రి, మేం చీరలు నేస్తున్నమా, టైల్స్ వోస్తున్నమా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్‌ను తిట్టాను. అప్పుడామె లోపలికి వెళ్లి ఒక ప్యాకెట్ తెచ్చింది. ఆ కొన్నామె తిప్పి పంపిన చీర అది. 'ఫొటోల మెరిసింది, ఇంట్ల మెరుస్తలేదు' అని మెసేజ్ కూడా పెట్టిందట. ఈమె చీరను నా ఒళ్లో పెట్టింది.

"ఇది నా చీర అక్కా. మరి మీ ఫొటోల ఉన్నది ఎవ్వల చీర?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను తుడిచేసిన ముడతలు, పోగులు, పసుపు అన్నీ ఆ చీర మీద ఉన్నాయి. అవన్నీ తీసేశాక మిగిలింది నున్నటి గళ్లు. టైల్స్ అనుకోవడంలో ఫోన్ తప్పేముంది?

"మల్ల తీద్దాం," అన్నాను.

"తీద్దాం," అంది. మొగుడు తల పట్టుకున్నాడు.

రెండోసారి తెల్ల గోడకు చీరను వేలాడదీసి తీశాం. పూలు లేవు, మెరుపు లేదు. మా ఓనర్‌కు అది శవానికి తీసినట్టు అనిపించిందట, ఆ మాట పైకే అన్నాడు. వెతికితే ఈసారి టైల్స్ రాలేదు, దుప్పట్లు వచ్చాయి. "గచ్చు మీదికెల్లి మంచం మీదికి ఎక్కినం, ఇగ ఒంటి మీదికి రావుడే తరువాయి," అన్నాను. కట్టుకున్న మనిషి కావాలి. ఆమె కట్టుకుంటే సరిపోతుంది. మొగుడు ససేమిరా అన్నాడు. "ఇంటి ఆడిదాని మొఖం దేశమంతా చూసుడెందుకు? సాంచెలు పోతె పోయినయి, ఇజ్జత్ ఉండాలె గద!" మోడల్‌ను పెట్టుకునే తాహతు మాకెవరికీ లేదు. అప్పటికి వీధుల్లో బతుకమ్మ పూలు అమ్మకానికి వచ్చేశాయి. అంటే దసరా గడప దగ్గరే ఉందన్నమాట.

మా చెల్లెలు ఒకరోజు ఆమెను జగిత్యాల రమ్మంది. ఆ చీరలకు నప్పే జాకెట్లు కుట్టి, తన జాకెట్ బొమ్మల పక్కన పెడతానంది. నేనూ కోరుట్ల నుంచి వెళ్లి బస్టాండులో ఎదురుచూస్తున్నాను. ఆమె బస్సు దిగింది. చూద్దును కదా, ఒంటి మీద ఇటుక రంగు గళ్ల చీర. తిరిగొచ్చిన చీర అది.

"ఏందే, ఇయ్యాల నీదే కట్టినవ్?"

"వాపసొచ్చిన చీర మల్ల కొత్తదని ఎట్ల అమ్ముత అక్కా? నేనే కట్టుకున్న. పెండ్లైనకాంచి సాంచెల నడుమనే ఉన్న గని, మేం నేసింది మేం కట్టుడు గిదే ఫస్టు."

నడక మారిపోయింది ఆమెకు. వీపు నిటారుగా పెట్టి నాకన్నా ముందు నడుస్తోంది. బస్సులో కూర్చుని లేచిన ముడతలు, ఎడమ భుజం మీద ఎండ, గాలికి కొంగు పక్కకు పోతోంది. నేను రెండడుగుల వెనక ఉన్నాను. నా పక్కనే కాలేజీ బ్యాగుతో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, ఫోన్‌ను దుపట్టా చాటున పెట్టి, ఈమె వీపును ఫొటో తీసింది.

నేను నోరు తెరిచేలోపే ఈమెకు ఎట్లా తెలిసిందో తెలిసింది. గిరుక్కున తిరిగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు తీసినవ్? ఎవ్వలకు పంపుతున్నవ్? సూపియ్యి ఫోను!"

చుట్టూ జనం మూగారు. పిల్ల ముఖం పాలిపోయింది. "అయ్యో అక్కా, ఏం లేదక్కా... చీర మంచిగున్నది. మిమ్ములను అడుగుడు మంచిగుండదని... ఫొటో పెట్టి ఎతుకుదామని తీసిన. మా అక్కకు కొందామని. ఒట్టు!"

ఈమె పట్టు సడలింది. "దొరికిందా మరి?"

"లేదక్కా. ఏవేవో వస్తున్నయి గని గిదైతే లేదు." పిల్ల ఫోన్ తిప్పి చూపించింది. ఎవరివో ప్రింటు చీరలు, ఏవో దుప్పట్లు. మా పూల మండపం ఎక్కడా లేదు, తెల్ల గోడా లేదు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్ని రోజులూ మేము అమ్మేవాళ్లలా ఫొటోలు తీశాం. కావాలనుకునేవాళ్లకు చీర ఎప్పుడైనా అట్లా కనిపిస్తుందా? వాళ్లకు అది బస్సెక్కుతున్న ఒక పరాయి మనిషి ఒంటి మీద, వెనక నుంచి, వంకరగా, ఎండలో, ముడతలతో కనిపిస్తుంది. అడగడానికి మొహమాటం, దొంగతనంగా ఒక ఫొటో. వెతికేది ఆ ఫొటోతోనే. మన ఫొటో కూడా అట్లా ఉంటే తప్ప ఫోన్ రెంటినీ ఎట్లా కలుపుతుంది? నాకు అక్కడికక్కడ ఎగిరి గంతేయాలనిపించింది. మోకాళ్లు ఒప్పుకోక ఊరుకున్నాను.

ఈమె ఆ పిల్లకు వీపు తిప్పి నిలబడింది. "ఇంకోటి తియ్యి బిడ్డా. భయపడకు. గీ ఎండల తియ్యి. అక్కా, నువ్వు గిట్ల తియ్యి!"

నేను తీశాను. నమ్ముతారో లేదో, జన్మంతా ఇంకొకరు తీసినవి దిద్దడమే కానీ, పని కోసం నేను ఫొటో తీసింది అదే మొదటిసారి. ఆమె బస్సు మెట్టు మీద కాలు పెడుతుంటే తీశాను. చెరుకు రసం బండి దగ్గర నిలబడితే తీశాను. కొంగు భుజం మీదికి లాక్కుంటుంటే, బెంచీ మీద కూర్చుంటే, నడుస్తుంటే తీశాను. అన్నీ వెనక నుంచి, లేదా పక్క నుంచి. కండక్టర్ ఒకాయన "ఏమ్మా, సీన్మా తీస్తున్నరా?" అన్నాడు. "అవు, నువ్వు జరుగు, చీర మీద నీ నీడ పడ్తున్నది," అన్నాను.

సాయంత్రం స్టూడియోలో మా ఓనర్ వాటిని చూసి నుదురు కొట్టుకున్నాడు. "మేడం, ఇవి ఫొటోలా? అన్నిట్ల తలకాయ కోసినవ్!"

"తలకాయ వద్దనే గదన్నా వాళ్లాయన లొల్లి!"

కంప్యూటర్ ముందు కూర్చున్నాక కష్టం మొదలైంది. ముడత కనబడితే నా వేలు దానంతటదే మౌస్ మీదికి పోతోంది. కొంగు మూలన పసుపు మరక నన్ను చూసి వెక్కిరిస్తోంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క ముడత తియ్యలేదు, ఒక్క పోగు దిద్దలేదు. టచింగ్ మేడం చేతుల మీదుగా టచింగ్ లేకుండా బయటకు పోయిన ఫొటోలు అవే.

రంగుకొక చీర చొప్పున ఆమె కట్టుకుంటే, మిగతావీ ఎండలో అట్లాగే తీశాం. ఒక్కో చీరకు వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, నేత కనబడేట్టు దగ్గరగా ఒకటి పెట్టాం. కింద పెద్ద మాటలు రాయలేదు. 'సిరిసిల్ల నూలు గళ్ల చీర. మా సాంచె మీద నేసినాం. కొంగుకు పసుపు పెట్టి పంపుతాం.' దాని కింద వాళ్ల ఫోన్ నంబర్. వాటిని మా చెల్లెలి జాకెట్ వీపుల మధ్యన పేర్చాం, ఎందుకంటే జాకెట్ వెతికేవాళ్లు చీరను కూడా చూస్తారు. పెట్టిన మర్నాడే జనం ఎగబడతారని ఆశపడ్డాను. ఎగబడలేదు. ఫోన్ కంటికి కొత్త బొమ్మలు అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుందట. హైదరాబాద్ నుంచి ఒకరు అడిగారు, నిజామాబాద్ నుంచి ఒకరు కొన్నారు. బట్టలషాపు పెట్టుకున్న ఒకామె 'ఇంకా ఏమేం రంగులున్నయి?' అని అడిగి ఊరుకుంది. సద్దుల బతుకమ్మ అయిపోయింది. దసరా కూడా వచ్చేసింది.

పండగ మర్నాడు జమ్మి ఇచ్చి వద్దామని సిరిసిల్ల వెళ్లాను. నిజం చెప్పాలంటే జమ్మి ఒక వంక. వాకిట్లో ట్రాలీ ఆటో నిలబడి ఉంది. పాత ఇనుపాయన సాంచెల చుట్టూ తిరుగుతూ కాలితో తన్ని చూస్తున్నాడు. గుమ్మం పక్కన జిప్పు వేసిన సంచి ఉంది. ఆమె మాట తప్పే రకం కాదు. చీరలు కొన్ని పోయాయి, చాలా మిగిలాయి. ఒట్టు ప్రకారం సంచి సర్దేసింది. అయినా అదే ఇటుక రంగు చీర కట్టుకుని, ఆడుతున్న సాంచె దగ్గర తెగిన పోగు ముడేస్తోంది. నాకు దుఃఖం పొంగుకొచ్చింది.

"వదినే, మీరే సెప్పుండ్రి," అన్నాడు మొగుడు. "నేను కావాల్నని చేస్తున్ననా? ఎన్ని రోజులు సూడాలె? ఎవ్వలు ఎతుకుతరు, ఎవ్వలకు దొరుకుతది? మల్ల గా దుప్పట్లే వస్తయి. ఉండుండ్రి, మీ ముంగటనే సూపిస్త."

జేబులోంచి ఫోన్ తీశాడు. అటు తిరిగి పోగు ముడేస్తున్న పెళ్లాం వీపును ఒక ఫొటో తీశాడు. 'వెతుకు' నొక్కి నా ముఖం ముందు పెట్టబోయి, తానే ఆగిపోయాడు. దగ్గరికి పెట్టుకుని చూశాడు. వేలితో పైకి జరిపాడు, మళ్లీ కిందికి జరిపాడు.

"ఇది... ఇది నువ్వే గదనే!"

ఆమె తిరగలేదు. సాంచె చప్పుడులో వినబడలేదు. నేను తొంగి చూశాను. మొట్టమొదట మా బొమ్మే ఉంది. జగిత్యాల బస్టాండు, బస్సు మెట్టు మీద కాలు, ఇటుక రంగు గళ్లు, కొంగు మూలన పసుపు. దాని పక్కన చెరుకు రసం బండిది. ఆ తర్వాత ఎవరివో దుప్పట్లు వచ్చాయి. ఆయన కింద రాసిన మాటలు పెదాలతో చదువుకున్నాడు. 'మా సాంచె మీద నేసినాం.' తన నంబర్ కూడా చదివాడు, తనది కాదేమో అన్నట్టు.

"కాక, ఎక్కియ్యాల్నా వద్దా?" అన్నాడు పాత ఇనుపాయన.

మొగుడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గోనె కప్పిన వాటికేసి చెయ్యి చూపించాడు. "గా మూలకున్న రెండు తీస్కపో."

"నాలుగన్నవ్ గద?"

"గీ రెండు నడుస్తున్నయి, కనవడ్తలేదా?"

ఆ మాట మాత్రం ఆమెకు వినబడింది. సాంచె ఆపి చూసింది. మూలనున్నవి రెండూ ఆమె మామగారు కష్టపడి తెచ్చినవట. అవి ఆటో ఎక్కుతుంటే గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మొగుడు గుమ్మం పక్కన సంచి తీసుకుని లోపల పెట్టి వచ్చాడు. ఆమె ముక్కు తుడుచుకుని మళ్లీ స్విచ్ వేసింది. జమ్మి ఆకు నా పిడికిట్లోనే నలిగిపోయింది, అదే ఇచ్చాను.

ఆ రెండు సాంచెలు ఇప్పటికీ ఆడుతున్నాయి. వాళ్లు మేడలు కట్టలేదు, భీవండి కూడా పోలేదు. నేను స్టూడియో మానేసిన రోజు ఆమె ఒక చీర తెచ్చి పెట్టింది, పసుపు మీద నీలం గళ్లది. నెలకోసారి మా చెల్లెల్ని చూడ్డానికి జగిత్యాల వెళ్లినప్పుడు అదే కడతాను. బస్టాండులో దిగాక, వెనక ఎవరో ఆడపిల్ల ఫోన్ పైకెత్తిన అలికిడి అప్పుడప్పుడు వినిపిస్తుంది. నేను వెనక్కి తిరిగి చూడను. కొంగు సరిచేసుకుని, ఎండ ఉన్న వైపు జరిగి, కొంచెం నెమ్మదిగా నడుస్తాను.